గుట్ట పచ్చబడింది, బోరెందుకు ఎండింది?

నేలా నీరూ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. 20 ఏళ్ల కిందట మా ఊళ్లో వాటర్‌షెడ్ పనులు జరిగాయి. గుట్ట మీద కందకాలు తవ్వాం, వంకలకు రాతికట్టలు వేశాం, చెక్‌డ్యాములు కట్టాం, మొక్కలు నాటాం. నేనూ కూలికి పోయి కందకాలు తవ్వినవాణ్నే. ఏడెనిమిదేళ్లు బావుల్లో నీళ్లు బాగా ఉన్నాయి. ఇప్పుడు గుట్ట ఎన్నడూ లేనంత పచ్చగా ఉంది, కానీ 500 అడుగుల బోరు కూడా ఎండిపోయింది. ఊళ్లో 300 ఎకరాల దాకా చీనీ (బత్తాయి) తోటలున్నాయి, ఎండాకాలం ట్యాంకర్లతో నీళ్లు తోలుకుంటున్నాం. చెట్లుంటే నీళ్లొస్తాయని మీలాంటి ఆఫీసర్లే చెప్పారు. ఇప్పుడు ఆ చెట్లే తాగేస్తున్నాయా? వాన తగ్గిందా? మేం చేసిన తప్పేంటి?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. భూగర్భజలాలు కొలిచే ఉద్యోగంలో 28 ఏళ్లు అనంతపురం పల్లెల్లో తిరిగినవాణ్ని. చెట్లు పెంచితే నీళ్లొస్తాయని రచ్చబండల దగ్గర చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. అది సగం మాట. రెండో సగం కూడా ఆ రోజే మీకు చెప్పి ఉండాల్సింది. చెప్పనందుకు ఈరోజుకీ బాధగా ఉంది.

మొదటి సగం నిజమే. మన ఎర్రనేల బోడిగా ఉంటే చినుకులు దాన్ని కొట్టి కొట్టి పైన సన్నటి అట్ట కట్టిస్తాయి. ఆరాక ఆ అట్టను గోటితో లేపి చూడొచ్చు. దాని మీద పడిన నీరు లోపలికి దిగదు, మట్టిని వెంటేసుకుని ఎర్రగా వంకలోకి పోతుంది. గడ్డీ, రాలిన ఆకూ కప్పి ఉంటే చినుకు దెబ్బ నేలకు తగలదు. వేర్లు, చీమలు, చెదలు చేసిన సందుల్లోంచి నీరు దిగిపోతుంది. ఒక గుట్ట దగ్గర నేను అడుగు కోసేసిన పెయింటు డబ్బాను నేలలోకి దిగ్గొట్టి, చెంబుడు నీళ్లు పోసి చూశాను. మేత ఆపి కాపాడిన చోట, వాచీ చూసుకునేలోపే నీళ్లు ఇంకిపోయాయి. కంచె దాటి బయట, మేకలు తిరిగే చోట పోస్తే, టీ తాగి వచ్చినా డబ్బాలో నీళ్లు అలాగే ఉన్నాయి. రెండు చోట్లకూ మధ్య పది అడుగుల దూరం కూడా లేదు.

ఇక రెండో సగం. చెట్టు నీళ్లు తాగుతుంది. వేర్లతో లాగి ఆకుల్లోంచి గాలిలోకి వదులుతుంది. గడ్డి వేరు మూరెడు లోతులో ఆగిపోతుంది, వాన పోయిన నెలా రెండు నెలలకు ఎండిపోతుంది. చెట్టు వేరు మట్టి కింద చివికిన రాయి ఉండే గరుసు పొర దాకా దిగి ఎండాకాలంలో కూడా తాగుతూనే ఉంటుంది. దీన్ని కొలిచి చూపించిన ప్రయోగం మన పక్కనే, నీలగిరి కొండల్లో గ్లెన్‌మార్గన్ దగ్గర జరిగింది. పక్కపక్కనే ఉన్న రెండు చిన్న పరివాహక ప్రాంతాల్లో ఒకదాన్ని సహజమైన గడ్డితో, షోలా అనే కొండలోయల అడవితో అలాగే వదిలేశారు. రెండోదాంట్లో చాలా భాగం 1972లో నీలగిరి చెట్లు, అంటే మనం జామాయిల్ అనే జాతివి, నాటారు. మొదటి దఫా చెట్లు కోతకు వచ్చేసరికి అక్కడి వాగులో పారే నీరు 16 శాతం తగ్గింది. కొట్టేశాక మొదళ్ల నుంచి మళ్లీ చిగిర్చిన రెండో దఫాలో తరుగుదల 25 శాతానికి పెరిగింది. అప్పటికే వేర్లు లోతుకు పోయి ఉన్నాయి మరి.

అయితే ఆ లెక్కను తెచ్చి మీ గుట్టకు అతికించడం కుదరదు. అక్కడ వాన ఎక్కువ, ముందునుంచీ నేల గడ్డితో గుల్లగా ఉంది. మీ గుట్ట బోడిగా ఉండేది. అందుకే మీకు మొదటి ఏడెనిమిదేళ్లు అంత బాగా గడిచింది. మేత ఆపారు కాబట్టి గడ్డి వచ్చింది, కందకాలు కొత్తవి, మొక్కలు మోకాలెత్తు. ఇంకే నీరు పెరిగింది, తాగే నోరు ఇంకా చిన్నదే. తర్వాత మొక్కలు చెట్లయ్యాయి, కందకాలు పూడిపోయాయి, చెక్‌డ్యాముల వెనక ఇసుకా మట్టీ చేరాయి. ఇంకేది తగ్గుతూ తాగేది పెరుగుతూ వచ్చింది.

మరి వాన తగ్గిందా అంటే, అనంతపురంలో సగటు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఏ ఏడాది ఎంత పడిందన్నదానికంటే ఎలా పడిందన్నది బావికి ముఖ్యం. వేరు ఉన్నంత లోతు మట్టిని ఒక కడవ అనుకోండి. కడవ నిండితేనే పొర్లి కింది గరుసులోకి, రాతి పగుళ్లలోకి నీరు పోతుంది. వానకూ వానకూ మధ్య ఇరవై రోజులు ఎండ కాస్తే, ఆ మధ్యలో చెట్లు కడవను ఖాళీ చేస్తాయి. తర్వాత పడే పదును వాన కడవ అడుగు తడపడానికే చాలదు. మన దగ్గర గాలికున్న దాహం, అంటే నీళ్లుంటే ఏడాదికి ఎంత ఆవిరి చేయగలదో ఆ లెక్క, పడే వానకు మూడింతల పైమాటే. వేడి పెరిగే కొద్దీ ఆ దాహం ఇంకా పెరుగుతుంది. వాతావరణ మార్పు మీ బోరు మీద చేసే దెబ్బ ఇదే. ఏడాది మొత్తం వాన ఎప్పట్లాగే పడినట్టు కనబడుతుంది, కడవ మాత్రం నిండదు.

ఇంత చెప్పినా మీ బోరు ఎండడానికి మొదటి కారణం గుట్ట మీది చెట్లు అనుకోను. కాగితం పెన్నూ తీసుకోండి. ఒక వాటర్‌షెడ్, అంటే వాన నీరంతా ఒకే వంకకు చేరే నేల, మామూలుగా 500 హెక్టార్లు, అంటే 1,235 ఎకరాలు. దాని మీద 550 మిల్లీమీటర్లు పడితే 27 లక్షల 50 వేల ఘనపు మీటర్ల నీరు. మనలాంటి గ్రానైటు గరుసు నేలల్లో భూగర్భానికి చేరేది అందులో నూటికి 10 నుంచి 12 వంతులే. అంటే దాదాపు 3 లక్షల ఘనపు మీటర్లు. ఎకరా చీనీ తోటకు ఎంత పొదుపుగా డ్రిప్పు పెట్టినా, వాన తీరుస్తున్నది పోగా, ఏడాదికి 2 వేల ఘనపు మీటర్లు కావాలని నా అంచనా. 3 లక్షలను 2 వేలతో భాగిస్తే 150 ఎకరాలు. మనుషులు, పశువులు తాగేది పక్కన పెట్టినా ఇంతే. మీ ఊళ్లో ఉన్నవి 300 ఎకరాలు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. బావుల్లో నీళ్లు కనబడితే తోట పెట్టని రైతు ఎవరుంటారు? కానీ మన రాతినేల తీరు అలాంటిది. అందులో నీరు నిలిచే చోటు నూటికి రెండు వంతులే. 6 సెంటీమీటర్ల నీరు ఇంకితే బావిలో మట్టం 3 మీటర్లు లేస్తుంది. చూసినవాళ్లకు సముద్రం వచ్చినట్టు ఉంటుంది. 6 సెంటీమీటర్లు తోడేస్తే అదే 3 మీటర్లు పోతుంది. ఇక 500 అడుగుల కింద ఉండేది పగుళ్లలో ఇరుక్కున్న కాస్త నీరే. పైనున్న గరుసు పొర ఎండాక ఎంత లోతుకు బోరేసినా అప్పు మిగలడమే ఎక్కువ. మళ్లీ బోరు వేసే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి.

గుట్ట మీద గొడ్డలి పెట్టకండి. చెట్లు తీసేస్తే నీళ్లు తిరిగొస్తాయన్న ఆశతో నేలను బోడి చేస్తే, మొదటి గట్టి వానకే అట్ట కట్టి ఉన్నదీ పోతుంది. మరీ ఒత్తుగా ఉన్న చోట కొమ్మలు తీయండి, కింద బోద గడ్డి రానివ్వండి, గడ్డి కోసుకుపోండి కానీ మేకల్ని వదలకండి. ఈ ఎండాకాలమే కందకాల్లో పూడిక తీయించండి. ఉపాధి హామీ పనుల్లో పెట్టమని గ్రామసభలో అడగండి. తోటల సంగతి ఊరంతా కూర్చుని తేల్చుకోవాలి. ముసలి తోటలు తీసేసినప్పుడు ఆ చోట మళ్లీ చీనీ పెట్టకుండా కంది, కొర్ర వైపు పోగలిగితే, ఐదారేళ్లలో మీరు నాకు వేరే ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: నేను రాజంపేట దగ్గర స్కూల్లో టీచర్ని. 2021 నవంబరులో చెయ్యేరు వరదలో మా పిల్లల ఇళ్లు కొట్టుకుపోయాయి. కొండల్లో అడవి బాగుండి ఉంటే అంత వరద వచ్చేది కాదని ఒక మీటింగులో విన్నాను. పిల్లలకు అదే చెప్పాను. నిజమేనా సార్?
– ఒక ఉపాధ్యాయిని, రాజంపేట

జవాబు: అమ్మా, ఆ నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వైపు నీరు విరుచుకుపడిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందుకే మీకు జాగ్రత్తగా జవాబు చెప్పాలి. అంత వానకు అడవి ఒక్కటే అడ్డు నిలిచేది కాదు.

మీటరు లోతు మట్టి, బాగా ఎండి ఉన్నప్పుడు, దాదాపు 100 మిల్లీమీటర్ల వానను పట్టుకుంటుంది. శేషాచలం, పాలకొండల వాలుల్లో క్వార్ట్‌జైట్ రాయి మీద మీటరు మట్టి ఉన్న చోట్లు తక్కువ. పైగా నవంబరు మన ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ నెలలో అంతకుముందే వానలు పడి కడవ నిండి ఉంది. నిండిన కడవ మీద పడిన వానంతా వాగుల్లోకే వస్తుంది, పైన ఎంత చిక్కటి అడవి ఉన్నా సరే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే తేమ 7 శాతం పెరుగుతుంది. వేడెక్కిన బంగాళాఖాతం మీంచి వచ్చే వాయుగుండం ఇకమీదట ఎక్కువ నీటిని మోసుకొస్తుందని అనుకునే మనం కట్టలు కట్టాలి, గేట్లు సిద్ధంగా పెట్టుకోవాలి, ఊళ్లను ముందే ఖాళీ చేయించాలి. అడవి లేదు కాబట్టే వరద వచ్చిందని అనుకుంటే, ఈ పనులు చేయాల్సినవాళ్లను ఎవరూ అడగరు.

అడవి వల్ల లాభం లేదనడం లేదు. 30, 50 మిల్లీమీటర్ల వానలకు అడవి నేల వాగు పొంగును బాగా తగ్గిస్తుంది, నీటిని నెమ్మదిగా వదులుతుంది. కొండవాలు జారకుండా పట్టుకుంటుంది. చెరువుల్లోకి, ప్రాజెక్టుల్లోకి పూడిక రాకుండా ఆపుతుంది. మీ పిల్లలకు ఈ రెండూ చెప్పండి. వరద చూసిన పిల్లలు కాబట్టి, కడవ నిండడం గురించి చెబితే వెంటనే పట్టుకుంటారు.

ప్రశ్న: మా చెరువంతా కంపచెట్లే. కొట్టించమని కొందరు, వద్దని కొందరు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: చెరువు లోపలా, సాగు కాలువల్లోనూ ఉన్నవి తప్పకుండా తీయించండి. ఈ కంపచెట్టు, అంటే సర్కారు తుమ్మ, మన దేశంలో మొదట నాటిన చోట్లలో మీ కడప జిల్లా కమలాపురం ఒకటి. 1870లలో వంటచెరకు కోసం తెచ్చారు. దీనికి దగ్గరి బంధువైన ఒక చెట్టు వేరు అమెరికాలోని ఆరిజోనాలో ఒక గని తవ్వకంలో 53 మీటర్ల లోతున కనబడింది. అంత దూరం నీటిని వెతుక్కుంటూ పోగలదు. పైపైన కొడితే మొదలు నుంచి మళ్లీ వస్తుంది, పొక్లెయిన్‌తో వేరుతో సహా పీకాలి. ఆ పనిలో పనిగా పూడిక మట్టి తీసి చేలకు తోలుకోండి. మిట్టల మీద వేరే ఏ చెట్టూ లేక అదొక్కటే ఉన్న చోట మాత్రం ఒక్కసారిగా ఊడ్చేయకండి. కొంచెం కొంచెం తీస్తూ ఆ ఖాళీలో గడ్డి, కానుగ, తంగేడు రానివ్వండి.

ప్రశ్న: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మడకశిర దగ్గర 8 ఎకరాలు కొన్నాను. వారానికోసారే రాగలను. జామాయిల్ వేస్తే చూసుకోనక్కర్లేదని మిత్రులు అంటున్నారు. పర్యావరణానికి మంచిదే కదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వద్దు బాబూ. మీరుండే ఊరి పక్కనే, హొసకోట దగ్గర, బ్రిటన్ నుంచి వచ్చిన ఇయన్ కాల్డర్ అనే శాస్త్రవేత్త బృందం ఈ చెట్లు ఎంత నీరు తాగుతాయో కొలిచింది. మట్టి పలచగా ఉన్న చోట్ల పడిన వానకు మించి తాగలేదు. హొసకోటలో మట్టి లోతు ఎక్కువ. అక్కడ మాత్రం పడిన వానకంటే ఎక్కువ తాగాయి, అంటే పాత నిల్వను కూడా తవ్వుకున్నాయి. కొత్తగా జామాయిల్ నాటడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లో నిషేధించింది. కోలారు, చిక్కబళ్లాపురం ఎలా ఎండాయో చూసినవాళ్లకు ఆ నిర్ణయం ఎందుకో అర్థమవుతుంది. మీ పొలానికి దక్షిణాన ఉన్న నంది కొండల్లోనే పెన్నా, చిత్రావతి పుడతాయి. పైన మీరు ఏం నాటారన్నది కింద ఊళ్లకు సంబంధించిన విషయం.

ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో, మనలాగే కొద్ది నెలలే వాన పడే దేశంలో, జరిగిన పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. నేలలోకి ఎక్కువ నీరు దిగింది బోడి చోట కాదు, దట్టమైన చోటా కాదు, చెట్లు అక్కడక్కడా ఎడంగా ఉన్న చోట. నాకు అది చదివినప్పుడు పాత చింతతోపులు గుర్తొచ్చాయి. 10 మీటర్లకొక చింత చెట్టు పెట్టండి, ఎకరాకు 40 పడతాయి. మధ్యలో సీతాఫలం కొంత, మిగతాదంతా గడ్డి. వాలుకు అడ్డంగా గట్లు వేయించండి. మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు పోసే మనిషి కావాలి, అక్కడ మాత్రం ఖర్చుకు వెనకాడకండి. చింతపండుకు హిందూపురం మార్కెట్టు పక్కనే ఉంది.

ప్రశ్న: గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్కలు తక్కువ నీళ్లు తాగుతాయని మా పుస్తకంలో ఉంది. అయితే వాతావరణ మార్పు వల్ల నీళ్లు మిగులుతాయా?
– బీఎస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: పుస్తకంలో ఉన్నది తప్పు కాదు. ఆకు అడుగున సన్నటి రంధ్రాలుంటాయి. వాటిని తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటున్నప్పుడే నీరు ఆవిరై పోతుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల వంతుల్లో 280 వంతులుండే ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. కావలసింది సులువుగా దొరుకుతోంది కాబట్టి ఆకు రంధ్రాలను కొంచెం మూసుకుంటుంది. ఒక్కో ఆకు లెక్కన నీరు ఆదా.

కానీ వాగుకు ఒక్కో ఆకు లెక్క పనికిరాదు, మొత్తం పరివాహకంలో ఎన్ని ఆకులున్నాయో చూడాలి. అదే వాయువు వల్ల మొక్క ఎక్కువ ఆకులు వేస్తుంది. పైన వేడిగాలి ప్రతి ఆకునుంచీ ఎక్కువ లాగుతుంది. ఆదా అయింది అటే పోతుంది. 2019లో నాసా ఉపగ్రహ చిత్రాలతో తేలిన సంగతి ఒకటి మీరు గుర్తుపెట్టుకోవాలి. ప్రపంచంలో కొత్తగా పచ్చబడిన నేలలో మూడో వంతు చైనా, భారతదేశాలదే. మన దేశంలో ఆ పచ్చదనంలో 82 శాతం పంటలది, అడవులది 4 శాతం చిల్లర. పంటల పచ్చదనం చాలావరకు బోరునీళ్లతో రెండో పంట, మూడో పంట వేయడం వల్ల వచ్చింది. పైనుంచి చూస్తే పచ్చగా కనబడే చోట కింద నీటిమట్టం దిగుతూ ఉండొచ్చు. కళ్యాణదుర్గం రైతు ఉత్తరం పైన ఉంది, దాన్ని మీ పాఠంతో కలిపి చదవండి.

ప్రశ్న: వాన కొలవాలని ఉంది. పరికరం ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: కొననక్కర్లేదు తల్లీ. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఏదైనా చాలు. ఇంటికీ చెట్లకూ దూరంగా, వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, గాలికి పడిపోకుండా రాళ్ల మధ్య పెట్టండి. రోజూ ఉదయం 8:30కి పిల్లల స్కేలు పెట్టి లోతు చూడండి, వాతావరణ శాఖ కూడా ఆ సమయానికే చూస్తుంది. 10 మిల్లీమీటర్లు ఉంటే ఎకరాకు 40 వేల లీటర్లు పడినట్టు. చూసి పారబోసేయండి. 64.5 మిల్లీమీటర్లు దాటిన రోజు కింద గీత పెట్టండి, అది శాఖ లెక్కలో భారీ వాన. పడని రోజు సున్నా వేయండి, ఖాళీ వదలకండి.

ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురంతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే ఇలా వాన, బావిమట్టం కొలుచుకుని, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని ఎకరాలకు నీళ్లు సరిపోతాయో లెక్క కట్టిన రోజులున్నాయి. ఆ ఊళ్లలో గోడల మీద రంగులతో రాసిన అంకెలు నేను చూశాను. మీ ఇంటి దగ్గర పాత బావి ఏదైనా ఉంటే నెలకోసారి తాడుకు రాయి కట్టి వదిలి, నీరు ఎంత లోతులో ఉందో అదే పుస్తకంలో రాయండి. ఏడాది తిరిగాక జిరాక్సు తీసి నాకు పంపండి, కూర్చుని చూద్దాం.